నర్సింగ్ ట్యూటర్‌గా ఇప్పుడే చేరాలా, వార్డులోనే కొనసాగాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ 64 శాతం మార్కులతో పూర్తి చేసి, 14 నెలలుగా హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. నైట్ డ్యూటీలతో బాగా అలసిపోతోంది. నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాలని తన కోరిక. మా జిల్లాలో ఒక ప్రైవేటు కళాశాల వారు ట్యూటర్‌గా వెంటనే చేరమంటున్నారు. ఎమ్మెస్సీ కూడా తమ దగ్గరే, రోజూ తరగతులకు రాకపోయినా, పూర్తి చేయవచ్చంటున్నారు. చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ అమ్మాయి కోరిక మంచిది, దానికి దారి కూడా స్పష్టంగానే ఉంది. అయితే ఆ కళాశాల ప్రతిపాదనకు ఒప్పుకోవద్దనీ, ఇంకో ఏడాది, వీలైతే రెండేళ్లు ఆసుపత్రిలోనే కొనసాగి ఆ తర్వాత రెగ్యులర్ ఎమ్మెస్సీలో చేరడం మేలనీ నా అభిప్రాయం.

నిబంధనల పరంగా ఆమెకు అడ్డంకి ఏదీ లేదు. బీఎస్సీ నర్సింగ్‌తో పాటు ఏడాది అనుభవం ఉన్నవారిని ట్యూటర్‌గా తీసుకోవడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతిస్తుంది, కాకపోతే ఆ పోస్టులోనూ ఎమ్మెస్సీ చేసినవారికే ప్రాధాన్యం. రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరడానికి బీఎస్సీలో 55 శాతం మార్కులు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది ఉద్యోగానుభవం కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంటుంది. ఇవన్నీ ఆమెకు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, చేరవచ్చా లేదా అన్నది కాకుండా ఎప్పుడు, ఎక్కడ చేరాలన్నదే మీరు ఆలోచించవలసిన విషయం. బీఎస్సీతో ట్యూటర్‌గా చేరినవారు ఎన్నేళ్లు పనిచేసినా పై మెట్టు ఎక్కలేరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎమ్మెస్సీతో పాటు మూడేళ్ల బోధనానుభవం అడుగుతారు. ప్రిన్సిపాల్ స్థాయికి చేరేసరికి 15 ఏళ్ల అనుభవం, అందులో 12 ఏళ్లు బోధన ఉండాలి. ఇంత పొడవైన దారిలో మొదట ఒక ఏడాది ముందుగా ట్యూటర్ అయినంత మాత్రాన కలిసివచ్చేది చాలా తక్కువ.

వార్డులో గడిపే ఆ ఏడాది మాత్రం జీవితాంతం పనికొస్తుంది. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పల్స్ ఆక్సీమీటర్ 86 చూపిస్తే కొత్తగా వచ్చిన విద్యార్థిని గాభరాపడి డాక్టరు కోసం పరుగెత్తుతుంది. పదిమంది రోగులను చూసిన నర్సు ముందు రోగి ముఖం, ఊపిరి తీసుకునే తీరు చూస్తుంది. మరుక్షణమే వేలు చల్లబడి ఉందా, గోటికి రంగు ఉందా, వేలికి తగిలించిన ప్రోబ్ జారిందా అని పరిశీలిస్తుంది. నిజంగానే ఆక్సిజన్ పడిపోతోందని తేలితే ఒక్క క్షణం ఆలస్యం చేయదు. ఈ క్రమం పుస్తకంలో రెండు వాక్యాల్లో ఉంటుంది, కానీ అది ఎందుకు అలా ఉందో చెప్పగలిగేది కొలత తప్పడం, నిజంగానే ఆక్సిజన్ పడిపోవడం అనే రెండు పరిస్థితులనూ చేత్తో పట్టి చూసినవారే. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను పలచబరచకుండా నేరుగా రక్తనాళంలోకి ఎక్కించకూడదన్నది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. దాన్ని మిగతా మందుల నుంచి ఎందుకు వేరుగా దాస్తారో, ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు ఎందుకు సరిచూసుకుంటారో మీ అమ్మాయికి ఐసీయూలో కళ్లెదుటే తెలుస్తుంది. వెనకటి తరంలో వార్డు నడిపిన సిస్టరే సాయంత్రం నర్సింగ్ స్కూల్లో పాఠం చెప్పేది, అందుకే ‘సిస్టర్ ట్యూటర్’ అన్న మాటకు అంత గౌరవం ఉండేది. ఇప్పుడు కళాశాల ఒకచోట, ఆసుపత్రి మరోచోట ఉండే సంస్థలు పెరిగాక, రోగిని తాకి ఏళ్లయిన అధ్యాపకులూ తయారవుతున్నారు. మీ అమ్మాయి ఆ కోవలో చేరకూడదనే నా తాపత్రయం.

ఇక ఆ కళాశాల వారి మాట గురించి. ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తికాలపు కోర్సు. థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వకూడదు. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ గంటలు, అంటే రోగుల దగ్గర శిక్షణ పొందే గంటలు, పూర్తిగా చేసి తీరాలి. రాకపోయినా పరవాలేదని చెప్పే చోట ఆ గంటలు కాగితం మీదే పూర్తవుతాయి. పైగా పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు చొప్పున చూపించవలసి ఉంటుంది కాబట్టి, తనిఖీ నాటికి పేర్లు కావలసిన కళాశాలలు ఇలా సర్టిఫికెట్లు తీసుకుని ఉంచుకుంటాయి. ఒకే వ్యక్తిని ఒకే సమయంలో విద్యార్థినిగానూ ట్యూటర్‌గానూ చూపితే, రేపు విచారణ వచ్చిననాడు ఇబ్బంది ఆమెకే. మధ్యప్రదేశ్‌లో నర్సింగ్ కళాశాలల అక్రమాల మీద హైకోర్టు ఆదేశంతో సీబీఐ విచారణ జరిగిన సంగతి మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా ఉంచవద్దు.

అలసట విషయం తేలిగ్గా తీసుకోదగింది కాదు. నెలకు ఎన్ని నైట్లు పడుతున్నాయి, నైట్ తర్వాత సెలవు ఇస్తున్నారా, ఒక్కో నర్సుకు ఎంతమంది వెంటిలేటర్ రోగులను అప్పగిస్తున్నారు అన్నవి ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. ఆసుపత్రే తగినంత మందిని పెట్టక నలిపేస్తుంటే ఆసుపత్రి మారాలి గానీ వృత్తి దారి మార్చుకోనక్కర్లేదు. డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ వంటి విభాగాలకు మార్పించుకుంటే నైట్లు కొంత తగ్గే వీలుంటుంది. పెద్ద ఆసుపత్రుల్లో కొత్త నర్సులకు శిక్షణ ఇచ్చే నర్స్ ఎడ్యుకేటర్లు ఉంటారు. కొత్తగా చేరినవారిని తనకు అప్పగించమని మీ అమ్మాయి నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగవచ్చు. తనకు బోధన నిజంగా ఇష్టమా, లేక నైట్ డ్యూటీ తప్పించుకోవాలన్నదే కోరికా అన్నది అలా ఓ మూడు నెలలు చేస్తే ఆమెకే తేటతెల్లమవుతుంది. రెండోదే అయినా తప్పేమీ కాదు, కాకపోతే దానికి మందు వేరు.

ఎమ్మెస్సీలో ఐదు శాఖలున్నాయి: మెడికల్ సర్జికల్, ప్రసూతి-స్త్రీవ్యాధులు, పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్. ఐసీయూ అనుభవం ఉంది కనుక మెడికల్ సర్జికల్ సహజంగా కుదురుతుంది. అయినా సీటు సులువుగా వస్తుందని ఇష్టంలేని శాఖ తీసుకోవద్దు, ఎందుకంటే ఆ తర్వాత ఆమె చెప్పే పాఠాలన్నీ ప్రధానంగా దాని చుట్టూనే తిరుగుతాయి. మొదటి ఏడాది నర్సింగ్ ఎడ్యుకేషన్ అనే సబ్జెక్టులో పాఠ్య ప్రణాళిక రాయడం, తరగతి ముందు నిలబడి బోధించడం, ప్రశ్నపత్రం తయారుచేయడం నేర్పుతారు. పరిశోధన వ్యాసం కూడా ఉంటుంది. ఐసీయూలో పుండ్లు పడకుండా రోగిని తిప్పడం వంటి తాను చూసిన సమస్యనే అంశంగా ఎంచుకుంటే దానికి ప్రాణం వస్తుంది. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలను గమనిస్తూ ఉండండి. హైదరాబాద్ నిమ్స్, ఎయిమ్స్ సంస్థలు, మానసిక ఆరోగ్య శాఖ అనుకుంటే బెంగళూరు నిమ్హాన్స్ కూడా చూడదగినవి. ఏ కళాశాలకు వెళ్లినా తరగతి గదుల కంటే ముందు దాని పేరెంట్ హాస్పిటల్, అంటే విద్యార్థులు శిక్షణ పొందే కళాశాల సొంత ఆసుపత్రి, చూసి రండి. పడకలు నిజంగా నిండి ఉన్నాయో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. చాలా ప్రైవేటు కళాశాలల్లో ట్యూటర్ జీతం పెద్ద ఆసుపత్రి ఐసీయూ నర్సు జీతం కంటే ఎక్కువేమీ కాదు, ఎమ్మెస్సీ రెండేళ్లూ జీతమే ఉండదు. స్థిరత్వం ముఖ్యమనుకుంటే ఈలోగా ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం జరిగే నార్సెట్ రాయించండి. సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, మూలవేతనం రూ.44,900. ఆ ఉద్యోగం వచ్చినంత మాత్రాన బోధన కల చెదిరిపోదు, కొన్నేళ్ల తర్వాత ఎమ్మెస్సీ చేసి వచ్చినవారు లేకపోలేదు. విదేశాల ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఆసుపత్రి అనుభవం మధ్యలో తెగకపోవడమే మంచిది. గల్ఫ్ దేశాల్లో సాధారణంగా అడిగేది ఇటీవలి వార్డు అనుభవమే, తరగతి గదిలో గడిపిన ఏళ్లు అక్కడ పెద్దగా లెక్కకు రావు.

ప్రస్తుతానికి ఆ కళాశాలకు మర్యాదగా కాదని చెప్పండి. మీ అమ్మాయిని ఒక నోటు పుస్తకం పెట్టుకుని, డ్యూటీలో తనను ఆలోచింపజేసిన ప్రతి కేసునూ రోగి పేరు లేకుండా నాలుగు వాక్యాల్లో రాసుకోమనండి. ఆసుపత్రి వదిలేనాడు అనుభవ ధ్రువపత్రంలో చేరిన తేదీ, విడిచిన తేదీ, పనిచేసిన విభాగం, ఆసుపత్రి పడకల సంఖ్య స్పష్టంగా ఉండేలా చూసుకోమనండి. ఇవి లేవన్న కారణంతో దరఖాస్తు వెనక్కి వచ్చి, ఏడాది పోగొట్టుకున్నవారు నా దగ్గరకు వచ్చారు.