ముసుగా, మాస్కా, మారువేషమా?

సందేహం: కెనడా చట్టం మీద ఒక వార్తను అనువదిస్తూ ‘గుర్తింపును దాచే మాస్కు ధరించి నేరం చేస్తే 10 ఏళ్ల జైలు’ అని రాశాను. శీర్షికలో ‘మాస్కు వ్యతిరేక చట్టం’ అన్నాను. మా సంపాదకులు దాన్ని ‘ముసుగు నిషేధ చట్టం’ చేశారు. ఏది ఒప్పు? క్లుప్తంగా ‘ముసుగులో నేరం’ అనవచ్చా?

సమాధానం: మీ సంపాదకులు రెండు మాటలు మార్చారు. అందులో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. మాస్కును ముసుగు చేయడం బాగుంది. ‘వ్యతిరేక’ను ‘నిషేధ’ చేయడంతో మాత్రం చట్టమే మారిపోయింది.

2020 తర్వాత తెలుగువాళ్లకు మాస్కు అంటే ముక్కూ నోరూ కప్పే గుడ్డే. ‘మాస్కు వ్యతిరేక’ అని చదివితే ఆ గుడ్డ కట్టుకోబోమనే వాళ్ల గొడవ అనుకుంటారు. ముసుగుకు ఆ చిక్కు లేదు. ‘ముసుగు తన్ని పడుకున్నాడు’, ‘మేలిముసుగు’ అన్నప్పుడు కప్పడం ఎంత ఉందో దాచడమూ అంత ఉంది. కన్నడంలోనూ ‘ముసుకు’ ఇలాంటిదే. ‘ముసుగు దొంగలు’ అంటే ఎవరికీ వివరించనక్కర్లేదు. ముఖకవచం ఇక్కడ అసలు పనికిరాదు. కవచం కాపాడేది, దాచేది కాదు.

అయితే ‘ముసుగులో నేరం’ అనకండి. ‘సేవ ముసుగులో దోపిడీ’ అన్న వాడుక బలపడిపోయి, ‘ముసుగులో’ అనగానే ‘దేని ముసుగులో?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘లో’ తీసేసి ‘ముసుగు వేసుకుని’ అంటే అది గుడ్డే అవుతుంది, నెపం కాదు. ‘ముఖం దాచుకుని’ అనీ రాస్తున్నారు కొందరు. తెలుగులో ముఖం దాచుకునేది సిగ్గుతో, చాటేసేది అప్పులవాడికి. నేరగాడికి ‘ముఖం కనపడకుండా’ అంటే చాలు.

‘గుర్తింపును దాచే’ కూడా తెలుగు నుడికారం కాదు. గుర్తింపు మనకు ఇతరులు ఇచ్చేది: గుర్తింపు పొందిన కళాశాల, గుర్తింపు కార్డు. దాన్ని దాచడం ఏమిటి? ‘తానెవరో తెలియకుండా’ అనండి, లేదా ‘ఆనవాలు చిక్కకుండా’ అనండి. పోలీసు వార్తల్లోని ‘గుర్తు తెలియని దుండగులు’తో దీన్ని కలపకూడదు. వాళ్లు ఎవరో మనకు తెలియదంతే, ముఖం కప్పుకున్నారని కాదు.

ఇక క్రియ. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అసలు మెలిక ఇక్కడే ఉంది. ముసుగు వేసుకుంటాం, మాస్కు పెట్టుకుంటాం, రుమాలు కట్టుకుంటాం, రంగు పూసుకుంటాం. ‘ధరించి’ అన్నారంటే పూసుకున్నవాడు తప్పించుకున్నట్టే. కెనడా క్రిమినల్ కోడ్ 351(2) చెప్పేది ముఖానికి ముసుగు వేసినా, రంగు పూసినా, మరోలా వేషం మార్చినా అని. ఆ మూడోదానికి మన ‘మారువేషం’ అచ్చంగా సరిపోతుంది. విరాటుడి కొలువులో భీముడు వలలుడైనా, అర్జునుడు బృహన్నల అయినా ముసుగు వేయలేదు, వేషమే మార్చారు. ముసుగు ముఖాన్ని లేకుండా చేస్తుంది, మారువేషం ఇంకొకరి ముఖం తెస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే సగం చట్టం పోతుంది.

‘నేరం చేస్తే’ అనడమూ పొరపాటే. ఆ సెక్షన్‌కు తీవ్రనేరం చేయాలన్న ఉద్దేశం చాలు, నేరం పూర్తి కానక్కర్లేదు. 2013లో చేర్చిన నిబంధన వేరు: అల్లర్లలో పాల్గొంటూ, చట్టసమ్మతమైన కారణం లేకుండా ముసుగు వేసుకుంటే శిక్ష 10 ఏళ్ల దాకా. ముసుగు లేని అల్లరికి 2 ఏళ్లే. మొదటిది ‘చేయాలని’, రెండోది ‘చేస్తూ’. ఈ రెండు ప్రత్యయాలు తారుమారైతే వార్త తప్పుతుంది.

ఇందువల్లే ‘నిషేధ’ కుదరదు. వరకట్న నిషేధ చట్టంలో వరకట్నమే నిషిద్ధం. ఫ్రాన్స్ 2010 చట్టం బహిరంగ స్థలంలో ముఖం కప్పడాన్నే వద్దంటుంది, 150 యూరోల దాకా జరిమానా. దాన్ని నిషేధ చట్టం అనవచ్చు. హాంకాంగ్‌లో 2019 అక్టోబరులో సభలకూ ఊరేగింపులకూ తెచ్చినదీ నిషేధమే (అది శాసనసభ చేసిన చట్టం కాదు, అత్యవసర అధికారంతో తెచ్చిన నిబంధన, ఆ తేడా కూడా రాయాలి). కెనడాలో ఉత్తినే ముసుగు వేసుకోవడం నేరం కాదు. ఫిరాయింపులకూ అవినీతికీ వాడినట్టు ‘నిరోధక’ అని ‘ముసుగు నేరాల నిరోధక చట్టం’ అనండి. ‘వ్యతిరేక’ను ఉద్యమాలకు వదిలేయండి.

మీ వాక్యం ఇలా ఉంటే సరి: ‘తీవ్రనేరం చేయాలని ముసుగు వేసుకున్నా, ముఖానికి రంగు పూసుకున్నా, మారువేషం వేసినా కెనడాలో 10 ఏళ్ల దాకా జైలు.’

ఈ చట్టాల చరిత్ర అనువదించేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. ఇంగ్లండులో 1723లో, ముఖానికి మసి పూసుకుని అడవుల్లో జింకలు వేటాడేవాళ్ల మీద ‘బ్లాక్ యాక్ట్’ తెచ్చారు. ఆయుధంతో, మసి ముఖంతో అడవిలో కనిపించినా మరణశిక్షే. దాన్ని ‘నల్లచట్టం’ అని తెనిగిస్తే మన పాఠకుడికి ప్రజల నోరు నొక్కే దుర్మార్గపు చట్టం అన్న అర్థం వస్తుంది. ఆ చట్టం దుర్మార్గమైనదే, కాదనను, కానీ పేరు వచ్చింది అందుకు కాదు, ముఖం మీది మసివల్ల. ‘మసిముఖాల చట్టం’ అని రాస్తే మసి పూసి మారేడుకాయ చేసిన పాపం అనువాదకుడికి అంటదు.