ఎక్సెల్ ట్రైనింగ్ ఎవరికి, ఎలా? మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి. సౌ. బుజ్జమ్మకు,

మావయ్య ఆశీస్సులు. మందుల ఏజెన్సీలో అకౌంట్స్ బాధ్యతంతా నీ మీద పెట్టారని, స్టాఫ్ అందరికీ ఎక్సెల్ నేర్పించమని మీ ఓనరు గారు అన్నారని అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్లు చూశాను. ఒకటి అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఆన్‌లైన్ బ్యాచ్, ఒకటి మీ విజయవాడలోనే ఆదివారం క్లాసు, ఒకటి ఆఫీసుకే వచ్చి చెప్పే ట్రైనరు, ఇంకొకటి ఏడాదంతా చూసుకునే వీడియోలు. పేర్లు వేరుగానీ అన్నింటి సిలబస్ ఒకటే: బేసిక్స్, అడ్వాన్స్‌డ్, చివర లెక్కలన్నీ ఒకే తెర మీద చార్టులుగా చూపే ఒక డాష్‌బోర్డు, ఒక సర్టిఫికెట్. వీటిలో ఏది తీసుకోమంటావని అడిగావు. మీవాళ్ల ఫైళ్లు చూడకుండా ఆ మాట నేను చెప్పలేను, నువ్వూ తేల్చుకోకు.

ఒక్కొక్కరి పక్కన ఒక పూట కుర్చీ వేసుకుని కూర్చో. మధ్యలో నోరు విప్పకు, మౌస్ లాక్కోకు. వాళ్లు రోజూ చేసే పని చేస్తుంటే చూస్తూ ఉండు. వసూళ్లు చూసే అబ్బాయి పక్కన క్యాలిక్యులేటర్ ఉందా? పార్టీల బకాయిలు దాని మీద కూడి, వచ్చిన మొత్తాన్ని సెల్‌లో టైపు చేస్తున్నాడా? చాలా ఆఫీసుల్లో ఇది ఇప్పటికీ నడుస్తోంది. షీట్ చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, రంగులు కూడా వేసి ఉంటాయి. టోటల్ మీద క్లిక్ చేస్తే లోపల ఫార్ములా ఉండదు, ఉత్త అంకె ఉంటుంది. పైన ఒక బిల్లు మారినా కింద మొత్తం మారదు.

స్టాక్ చూసే అమ్మాయి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు కూర్చో. మందుల వ్యాపారంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. బ్యాచ్ నంబరు 12ఇ5 లాంటిది ఇంగ్లిష్ అక్షరంతో కొట్టిందనుకో, ఎక్సెల్ దాన్ని నంబరనుకుని పన్నెండు లక్షలు చేసేస్తుంది. సున్నాతో మొదలయ్యే బ్యాచ్ అయితే ఆ సున్నా ఎగిరిపోతుంది. ఎక్స్‌పైరీ సంగతి మరీ ఘోరం. కంప్యూటర్‌లో తేదీ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉండగా 3/26 అని కొడితే, అది 2026 మార్చి అనుకోదు, ఈ ఏడాది మార్చి 26వ తారీఖు అనుకుంటుంది. సెల్‌లో 26-మార్చ్ అని కనిపిస్తుంది కాబట్టి చదివేవాళ్లకూ అనుమానం రాదు. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకును కంపెనీకి వాపసు చేద్దామని సార్టింగ్ పెట్టిన రోజున బయటపడుతుంది, అప్పటికి వాపసు గడువు దాటిపోయి ఉండొచ్చు. మీ అమ్మాయికి తెలివి లేదని అనుకోకు. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ వాళ్లే, మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని విసిగి, 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

ఆ అమ్మాయికి కావాల్సింది డాష్‌బోర్డు కాదు. డేటా కొట్టకముందే బ్యాచ్ నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోవడం, తప్పు తేదీ పడకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టడం, ఫిల్టర్, సార్టింగ్. నాలుగు గంటల పని. దీనికి నలభై గంటల కోర్సు కడితే మొదటి వారంలోనే ఆవిడ ఆవలిస్తుంది. వసూళ్ల అబ్బాయికి ఒక్కో పార్టీ బిల్లులను విడిగా కూడే సమ్‌ఇఫ్, పెద్ద పట్టికను మొత్తాలుగా కుదించి చూపే పివట్ టేబుల్, బాకీ ఎన్ని రోజులదో చూపించే ఏజింగ్ షీట్ కావాలి. కొనుగోళ్లు చూసేవాళ్లకు, మందు పేరు ఇస్తే దాని రేటును వేరే పట్టికలోంచి వెతికి తెచ్చే వీలుకప్ కావాలి. అందరినీ ఒకే గాటన కట్టి ఒకే బ్యాచ్‌లో కూర్చోబెడితే సగంమందికి అర్థం కాదు, మిగతా సగానికి విసుగు.

ఇప్పుడు కొటేషన్ల సంగతికి వద్దాం.

అమీర్‌పేట బ్యాచ్‌లను తీసిపారేయను. మైత్రీవనం చుట్టుపక్కల క్లాసుల్లో కూర్చుని వచ్చి, ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనంత మంది. కానీ ఆ క్లాసు ఉద్యోగం వెతుక్కునేవాళ్ల కోసం తయారైంది. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో అది చెబుతారు. మీ బిల్లింగ్ కౌంటర్లో కొత్తగా చేరిన డిగ్రీ కుర్రాడికి కీబోర్డు మీద చెయ్యే తిరగడం లేదన్నావు కదా, అతన్ని ఒక్కణ్ణి మీ ఊళ్లో ఆదివారం క్లాసుకు పంపు. సర్టిఫికెట్ కూడా అంతే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష రాస్తే రెజ్యూమేలో పెట్టుకోవడానికి బాగుంటుంది, మీ ఓనరు గారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వీడియోలు నీకు పనికొస్తాయి, వాళ్లకు కాదు. నీకు ఏం తెలియదో నీకు తెలుసు కాబట్టి సరిగ్గా ఆ పాఠమే వెతుక్కుని చూస్తావు. నువ్వు పవర్ క్వెరీ నేర్చుకో, వేర్వేరు ఫైళ్లను తెచ్చి కలిపే ఎక్సెల్ పనిముట్టు అది. ప్రతినెలా టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన కొనుగోళ్ల రిజిస్టరు, జీఎస్‌టీ పోర్టల్ నుంచి దింపిన జీఎస్‌టీఆర్-2బి (మీకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టిక), రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్లు కాయలు కాసేలా చూస్తున్నావు కదా. అవే మెట్లు ఒకసారి అమర్చి పెట్టుకుంటే మరుసటి నెల ఫైలు మార్చి రిఫ్రెష్ కొడితే చాలు. ఎక్సెల్ 2016 నుంచి అది లోపలే ఉంది, విడిగా కొనక్కర్లేదు. మిగతావాళ్లకు వీడియోలు ఇస్తే మూడో రోజు నుంచి ఎవరూ తెరవరు. ఎక్కడో చిక్కుకుంటారు, అడగడానికి మనిషి ఉండడు, అక్కడితో సరి. ఇంకోమాట, ఆఫీసులో ఎక్సెల్ లైసెన్సుల ఖర్చు ఎక్కువని ఓనరు గారు గొణిగితే లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితం. దానికి ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ కూడా ఉచితమే. స్టాక్ షీట్లకు అది ధారాళంగా సరిపోతుంది.

నా ఓటు ఆఫీసుకు వచ్చి చెప్పే మనిషికే, కానీ ఒక షరతు మీద. ఆయన తెచ్చే శాంపిల్ ఫైలు వద్దు, మీ ఫైళ్ల మీదే చెప్పాలి. మేం పనిచేసిన చోటికి ఒకాయన వచ్చి ఏదో అమెరికా కంపెనీ అమ్మకాల పట్టిక మీద రెండు రోజులు చెప్పి వెళ్లాడు. అందరం తలలూపాం, చప్పట్లు కొట్టాం. సోమవారం మా పార్టీ లెడ్జర్ తెరిస్తే ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. అందుకని మీ ఫైళ్లు వారం ముందే పంపు. అయితే యథాతథంగా పంపకు. పార్టీల పేర్లు, జీఎస్‌టీ నంబర్లు, రేట్లు మార్చి పంపు. ఊళ్లో ట్రైనర్లు మీ పోటీ ఏజెన్సీలకు కూడా వెళ్తారు.

ఆయన్ని కుదుర్చుకునే ముందు ఒక గంట డెమో అడుగు. వీలుకప్ చివర ఫాల్స్ ఎందుకు పెట్టాలో మీవాళ్లకు చెప్పమను. అది పెట్టకుండా వదిలేస్తే చాలాసార్లు ఎర్రర్ రాదు, దగ్గర్లో ఉన్న ఇంకేదో మందు రేటు తెచ్చి పెడుతుంది. ఎర్రర్ వచ్చినా నయమే, కనిపిస్తుంది. ఇది చెప్పకుండా బొమ్మలు, చార్టులు చూపించేవాడు నీకు అక్కర్లేదు. పదహారు అంకెల బ్యాంక్ అకౌంట్ నంబరు కొడితే చివరి అంకె సున్నా ఎందుకవుతుందో కూడా అడుగు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే పట్టుకుంటుందని ఠక్కున చెప్పాలి. బ్యాంకు ద్వారా ఆర్‌టీజీఎస్‌లో డబ్బు పంపే ఆఫీసులో ఇది ఆషామాషీ విషయం కాదు. మీ సిస్టమ్స్‌లో ఏ వెర్షన్ ఉందో ఆయన ముందే అడిగితే మార్కులు వెయ్యి. మీది 2016 అన్నావు. ఆయన తన ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ 365 పెట్టుకుని, వీలుకప్‌కు బదులుగా వచ్చిన ఎక్స్‌లుకప్ నేర్పిస్తే మీ కంప్యూటర్లలో ఆ ఫార్ములా అసలు ఉండదు.

తేదీలు నువ్వే చూసుకోవాలి. ప్రతినెలా 7 లోపు టీడీఎస్ కట్టాలి, 11కి అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1, 14న 2బి వస్తుంది, 20కి పన్ను కట్టే రిటర్ను 3బి. ఈ మధ్యలో ట్రైనింగ్ పెట్టావంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. 21 తర్వాత పెట్టు, రోజుకు గంటన్నర, పొద్దున కౌంటర్ తెరవకముందు. రోజంతా కూర్చోబెట్టడం కంటే ఇలా వారం పాటు సాగితే మేలు. పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం వాళ్ల పనిలోనే చేసి చూస్తారు, మర్నాడు సందేహాలతో వస్తారు.

మీ సీనియర్ అకౌంటెంట్ గారి గురించి టెన్షన్ పడుతున్నావు. చేతిరాత లెడ్జర్ల కాలం నుంచి ఉన్న మనిషి. పిల్లల మధ్య కూర్చోబెట్టి అందరి ముందు ఆయన్ని తడబడనివ్వకు. ఆయనకు విడిగా, ఆయన అడిగినప్పుడు, నువ్వే చెప్పు. ట్రైనింగ్‌లో తయారైన ప్రతి షీట్ ఆయన చేతికిచ్చి, ‘బాబాయ్ గారూ, ఈ టోటల్ నమ్మొచ్చా చూడండి’ అను. ఏ పార్టీ బాకీ ఎంతుండాలో ఆయనకు చూపుతోనే తెలుస్తుంది. ఫార్ములాకు తెలియని సంగతి అది.

ఇక ట్రైనరు వెళ్లిపోయాక ఎవరు? వసూళ్ల అబ్బాయికి కాస్త చురుకుందన్నావు. మిగతావాళ్లు చిక్కుకుంటే అడగాల్సింది అతన్నే అని అందరికీ చెప్పు. కానీ ఉత్తినే చెప్పకు. అతని పనిలో కొంత తీసి ఇంకొకరికి ఇవ్వు, జీతంలో ఎంతో కొంత కలపమని ఓనరు గారిని ఒప్పించు. లేదంటే అందరి పనీ అతని నెత్తిన పడి, ఆర్నెల్లకు అతను వేరే చోటికి వెళ్లిపోతాడు, మీరు మళ్లీ కొటేషన్లు పిలవాలి.

ఓనరు గారు ఫలితం ఏమిటని అడిగితే సర్టిఫికెట్లు చూపించకు. వచ్చే నెల ఏజింగ్ రిపోర్టు నిన్ను పిలవకుండా తయారైందా, క్యాలిక్యులేటర్లు సొరుగులోకి వెళ్లాయా, ఎక్స్‌పైరీ కాలమ్‌లో అన్నీ నిజం తేదీలేనా, ఇవి చూపించు.

పక్కన కూర్చుని చూసిన ఒక్కొక్కరి పని ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. ట్రైనరుకు ఇచ్చే ఫైళ్లలో ఏవి పెట్టాలో, ఏవి వద్దో చూసి చెబుతాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందో లేదో కూడా రాయి.

ఇట్లు,
మీ మావయ్య