అవ్వకి గది కట్టించే ముందు స్థలం ఎవరి పేరున ఉందో చూడండి

డెబ్బై దాటిన ఒంటరి పెద్దావిడ, ఈమధ్యే బాప్తిస్మం తీసుకుంది, వానకి ఇల్లు కూలింది. మిషనరీలూ మీరూ కలిసి చిన్న గది కట్టిద్దామంటే "మతం మారినందుకు ఇల్లిచ్చారు" అంటారేమోనని భయంగా ఉంది, ఏం చేయాలని అడిగారు మీరు. ఒంగోలు దగ్గర మా ఊళ్లో నాలుగేళ్ల కిందట మాకూ అచ్చం ఇలాగే అయింది, అందుకే రాస్తున్నా.

మా ఊరి అవ్వది తాటాకు గుడిసె. గాలివానకి వెనక గోడ ఒరిగిపోతే, మంచం ఓ మూలకి లాక్కుని, పైన యూరియా సంచుల బరకం కట్టుకుని పడుకునేది. మా పేటలో సేవ చేస్తున్న తమిళ మిషనరీ దంపతులు అది చూసి తట్టుకోలేక మర్నాడే మేస్త్రీని పిలిచారు. తొందరపడ్డాం. పునాది తవ్వుతుండగా ఆవిడ మరిది కొడుకు వచ్చి, స్థలంలో మాకూ వాటా ఉందన్నాడు. చూస్తే పట్టా ఇంకా చనిపోయిన భర్త పేరునే ఉంది. మూడు వారాలు పని ఆగింది. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడి, వీఆర్వో దగ్గరికి తిరిగి, ఆవిడ పేరు ఎక్కించాకే మళ్లీ గునపం పట్టాం. సంఘం పేరున గానీ పాస్టర్ గారి పేరున గానీ మాత్రం రాయించకండి. రేపు ఆవిడ మందిరానికి రావడం మానేసినా ఆ ఇల్లు ఆవిడదే అవ్వాలి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 1876-78 కరువులో ఒంగోలు మిషన్‌లో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. సాయాన్నీ బాప్తిస్మాన్నీ కలపకూడదని మా పెద్దలు ఇప్పటికీ ఆ సంగతే చెప్తారు.

ఇక ఊరివాళ్ల మాట. మేం మొదట పక్కింటివాళ్లకి చెప్పనేలేదు. వాళ్లు పోలేరమ్మ కొలుపులకి ముందుండే కుటుంబం, రారేమో అనుకున్నాం. ఆ ఇంటాయన మా దగ్గరికొచ్చి, "ముప్పై ఏళ్లు ఆమె చేతి గోంగూర పచ్చడి తిన్నోళ్లం, మాకొక్క మాట చెప్పరా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇసుకంతా ఆయన ట్రాక్టరే తోలింది. ఆ తర్వాత మతం మాట ఎవరూ ఎత్తలేదు. మీరు మొదటిరోజే పిలవండి.

ప్రభుత్వ ఇల్లు వచ్చే వీలుంటే ముందే గ్రామ సచివాలయంలో అడగండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు ఇస్తారు, కానీ అప్పటికే పక్కా ఇల్లుందని రాస్తే రాదు. విదేశాల నుంచి డబ్బు వస్తుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే రావాలి, ఎవరి సొంత ఖాతాలోనూ వేయించుకోవద్దు.

గది సంగతికొస్తే, మాది పది బై పన్నెండు, సిమెంటు ఇటుక గోడలు, పైన రేకులు. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం లోపల కూర్చోలేక అవ్వ మళ్లీ వేపచెట్టు కిందికే చేరింది. అప్పుడు రేకుల మీద తాటాకు కప్పించి, వెనక గోడకి ఓ కిటికీ పెట్టించాం. పాత గుడిసె తలుపు పారేద్దామంటే ఒప్పుకోలేదు, అది ఆవిడ భర్త చేసిందట. గడియ దగ్గర చెక్క అరిగి నున్నగా అయిపోయి ఉంది. దాన్నే కొత్త గుమ్మానికి సరిచేసి బిగించాడు మేస్త్రీ.

వాననీళ్లు రాకూడదని అరుగు ఎత్తుగా లేపి మూడు మెట్లు కట్టాం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ చేతులు ఆనించి పాకుతూ ఎక్కుతుంటే చూశాకగానీ మాకు తట్టలేదు. మెట్లు కొట్టేసి ఏటవాలుగా చప్టా పోసి, పక్కన పట్టుకోవడానికి ఇనప పైపు పాతాం. మీ మేస్త్రీ అరుగు ఎత్తు కొలిచేటప్పుడు పెద్దావిడని పక్కనే నిలబెట్టుకోండి.