రెండో కార్డు కొనే ముందు

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

నీ దగ్గరున్న జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డుకు తోడుగా అదే కార్డు మరొకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, రెండూ ఒకే ఆటను పంచుకుని గీసేలా ఎస్‌ఎల్‌ఐ అనే పద్ధతిలో కలపాలనుకుంటున్నావని అన్నయ్య నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న సొంత డబ్బుతో కొంటున్నావనీ, మదర్‌బోర్డులో రెండు స్లాట్లకూ ఎనిమిదేసి లేన్లు (కార్డుకు సమాచారం వెళ్లే దారులు) వస్తాయో లేదో ముందే చూసుకున్నావనీ విన్నప్పుడు నా కడుపు నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ వయసులో నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకున్నాను.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. రెండు కార్డుల మెమరీ కలిసి 16 జీబీ కాదు. ఆటలోని వస్తువులకు అతికించే టెక్స్చర్ బొమ్మలు రెండింటిలోనూ విడివిడిగా నిండాలి కనుక నీకు దక్కేది 8 జీబీయే. ఎస్‌ఎల్‌ఐకి ఒక్కో ఆటకూ డ్రైవర్లో, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌లో, విడిగా ఒక ప్రొఫైల్ (ఆ ఆటకు తగ్గ అమరిక) ఉండాలి, ఈ కార్డుల కంపెనీ ఎన్‌విడియా 2021 జనవరి 1 నుంచి కొత్త ప్రొఫైళ్లు ఇవ్వడం మానేసింది. పైగా 1070 తరానికి కొత్త ఆటల కోసం వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి; ఇక వచ్చేవి భద్రతకు సంబంధించినవే.

దీనిని కంపెనీ మొండితనం అనుకోకు. ఒక ఫ్రేము ఒక కార్డు, తరువాతి ఫ్రేము రెండో కార్డు గీయడమే ఆ పద్ధతికి మూలం. ఇప్పటి ఆటలు అంచులు నునుపు చేయడానికి వెనకటి ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ వెనకటి ఫ్రేము పక్క కార్డులో ఉంటే, దానిని తెచ్చుకునేదాకా ఈ కార్డు ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. ఇంకో తంటా కూడా ఉంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లకు రావాలి, కానీ రెండు కార్డులతో ఒకటి 8కీ, మరొకటి 25కీ వస్తే సగటు అంకె బాగానే కనిపిస్తుంది, కంటికి మాత్రం బొమ్మ తొట్రుపడుతూనే ఉంటుంది. తెర మూలనున్న అంకె 60 చూపిస్తుండగా నా కళ్లు లాగేయడం నాకింకా గుర్తుంది.

ఇక నా సంగతి. 2011లో బెజవాడ ఇంట్లో ఉన్నప్పుడు ఒక జీటీఎక్స్ 560 టీఐ కొన్నాను. మరుసటి ఏడాది ఉగాదికి, కొత్త కార్డు ఖరీదులో సగానికే వస్తోందని, అలాంటిదే రెండోది తెచ్చాను. ఒక్కో కార్డు 170 వాట్లు తాగుతుంది, ఒక్కోదానికి ఆరు పిన్నుల ప్లగ్గులు రెండేసి కావాలి. కంప్యూటర్‌కు కరెంటు అందించే నా ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మీద 600 వాట్లని రాసి ఉంది గానీ, దానికి అలాంటి ప్లగ్గులు రెండే ఉన్నాయి. మిగిలిన రెండింటికీ మోలెక్స్ కన్వర్టర్లు, అంటే పాత హార్డ్ డిస్కుల ప్లగ్గును ఆరు పిన్నులదిగా మార్చే తీగలు, తగిలించాను. కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కొనాలంటే మళ్లీ నాన్నగారిని డబ్బులడగాలి, అందుకు నాకు మొహం చెల్లలేదు.

మే నెల వచ్చింది. కింది కార్డు అడ్డుండటంతో పైకార్డు ఫ్యానుకు గాలి ఆడేది కాదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టి ఆడేవాడిని. ఒక రాత్రి ఒంటి గంట దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, వెంటనే లోపలినుంచి పొగ. హాల్లో పడుకున్న మీ నానమ్మ నాకంటే ముందే లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. కరెంటు ఉండగా నీళ్లు పోస్తుందేమోనన్న భయంతో ఆమె చేతిని విసురుగా తోసేశాను. ప్లగ్గు పీకి, లైటు వేసి చూస్తే, ఆమె మణికట్టు తలుపు గడియకు కొట్టుకుని కమిలిపోయింది. వారం రోజులు వాపు తగ్గలేదు. "ఇల్లు అంటుకోలేదు, పోనీలేరా" అని ఆవిడే నన్ను సముదాయించింది.

ఆ కన్వర్టర్ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. తెల్లటి ప్లగ్గులో పసుపు తీగ దూరిన రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడింది, తీగ తొడుగు కరిగి పక్కనున్న నల్ల తీగకు అంటుకుపోయింది. ఆరు పిన్నుల ప్లగ్గు పూర్తిగా లాగితే 75 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లకు పైమాటే. ఆ మొత్తం ఒక్క పసుపు తీగ మీద, ఒక్క వదులైన పిన్ను మీద మోపాను.

కోప్పడుతున్నానని అనుకోకు, కానీ లేన్ల దాకా లెక్కపెట్టిన నువ్వు అన్నయ్య అడిగితే ఎస్‌ఎమ్‌పీఎస్ ఏదో చెప్పలేకపోయావట! రెండు 1070లంటే కార్డులకే 300 వాట్లు. నీ గదిలో ఏసీ లేదు, అమ్మ పక్క గదిలోనే పడుకుంటుంది.

కాబట్టి ఉన్న 1070ని అమ్మేసి, ఆ డబ్బు కలుపుకుని ఒకే కార్డు తీసుకో. ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీ రకం 180 వాట్లతోనే నడుస్తుంది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, తక్కువకు వస్తోందని దాని జోలికి వెళ్లకు. కావాలంటే రెండు నెలలు ఆగు. పాత కార్డే కొనవలసి వస్తే, 2022 దాకా రాత్రింబవళ్లు క్రిప్టో మైనింగ్‌లో నలిగినవి బజారులో చాలా ఉన్నాయని మరవకు, అరగంటైనా ఆట నడిపి చూడనిదే డబ్బివ్వకు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ లాంటి పనులకు రెండు కార్డులు నిజంగానే ఉపయోగపడతాయి, నీకు ఆ అవసరం వచ్చిననాడు నేనే దగ్గరుండి బిగిస్తాను.

రేపు పగటిపూట కంప్యూటర్ ఆపేసి, ప్లగ్గు తీసి, ఎస్‌ఎమ్‌పీఎస్ పక్కనున్న లేబుల్‌ను ఫోటో తీసి పంపు. +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో స్పష్టంగా కనిపించాలి. మార్చవలసి వస్తే ఆ ఖర్చు నాది, మీ నాన్నకు చెప్పనక్కరలేదు.

ప్రేమతో,
బాబాయి