అద్దం మీది మంచు: మిన్నెసోటాకు కొత్తగా వచ్చిన అమ్మాయికి బాబాయి ఉత్తరం

చి. తల్లికి,

బాబాయి ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పిన మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పొద్దున ఆఫీసుకు బయలుదేరితే కారు మొత్తం తెల్లగా గడ్డకట్టి ఉందనీ, చేతికందిన బ్యాంకు కార్డుతో గీకితే అది రెండు ముక్కలయిందనీ, చివరకు అద్దంలో అరచేతంత కంత చేసుకుని అందులోంచి చూస్తూ వెళ్లాననీ పకపకా నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. అలా కంతలోంచి తొంగిచూస్తూ నడపడం మిన్నెసోటా చట్టం ప్రకారం తప్పు. పోలీసు ఆపి చీటీ రాస్తే డబ్బుతో పోతుంది. పక్కనుంచి రోడ్డు దాటే మనిషి ఆ కంతలో కనిపించకపోతే ఏమిటి దారి? ఫోనులో చెబితే సగం విని మిగతా సగానికి 'సరే బాబాయ్' అంటావు. అందుకే రాస్తున్నాను. ఇంకా నవంబరే, అసలు చలి ముందుంది.

మన భాషలో మంచుకు ఒకటే మాట. ధనుర్మాసంలో గడ్డి మీద మెరిసేదీ మంచే, హైవే మీద లారీలను ఆపేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. మనకు అది సరిపోయింది, ఎందుకంటే ఎండెక్కితే పోతుంది. ఇక్కడ ఎండెక్కినా పోదు. కాబట్టి కారు దగ్గరికి వెళ్లగానే ముందు దాని మీద ఉన్నది ఏ మంచో చూడు. ఒక్కోదానికి ఒక్కో మందు.

నిన్న నువ్వు గీకింది పేరు మంచు. ఆ పేరు నేను పెట్టుకున్నదే. చలికాలంలో గిన్నె అంచున నెయ్యి పేరుకున్నట్టు అద్దానికి పలుచగా పట్టేస్తుంది. రాత్రి చుక్కలు స్పష్టంగా కనిపించాయంటే మర్నాడు ఇది ఖాయం. మబ్బు ఉన్న రాత్రి భూమికి దుప్పటి కప్పినట్టే. మబ్బు లేకపోతే అద్దం తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని తేమ నీరుగా మారకుండానే నేరుగా గడ్డకట్టి దానికి అంటుకుంటుంది. అందుకే పైన కప్పు ఉన్నచోట, చివరకు చెట్టు కింద పెట్టినా కొంత తక్కువ పడుతుంది. కారు ముఖం తూర్పుకు ఉండేలా నిలుపుకుంటే పొద్దున వచ్చే కాస్త ఎండైనా నీకు పనిచేసిపెడుతుంది. అద్దానికి కప్పే పట్టాలు దుకాణాల్లో దొరుకుతాయి, ఒకటి కొనుక్కో. పాత దుప్పటి పరిస్తే చాలదా అని నీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ రాత్రి సన్నగా చినుకు పడి, పొద్దునకు దుప్పటి అద్దానికి అతుక్కుపోయి, లాగితే సగం చేతికొచ్చింది, సగం కారు మీదే ఉండిపోయింది. అది మీ పిన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పటి. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో ముగియలేదు.

పేరు మంచుకు ప్లాస్టిక్ స్క్రేపర్ చాలు. ఇనుప గరిటె, చాకు, ఇంకే లోహమూ అద్దానికి తాకించకు. గీత పడితే రాత్రిపూట ఎదుటి బండి దీపం పడినప్పుడల్లా ఆ గీతే కనిపిస్తుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల దుకాణంలో చవకగా దొరుకుతుంది. అది రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసి ఉంచుకో. పైనుంచి చల్లి ఒక నిమిషం ఆగితే గడ్డ మెత్తబడి సులువుగా వస్తుంది. మంట దగ్గర మాత్రం పెట్టకు, అంటుకుంటుంది.

మన ముగ్గు పిండిలా పొడిపొడిగా కురిసింది వేరు. దానికి స్క్రేపర్ వద్దు, పొడవు పిడి ఉన్న కుంచె కావాలి. ఊడవడం పైకప్పు నుంచి మొదలుపెట్టు. అద్దం తుడిచి పైకప్పు వదిలేస్తే మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే పైనున్నదంతా జారి కళ్ల ముందు తెర దించేస్తుంది. హైవే మీదైతే పలకలు పలకలుగా లేచి వెనకవాళ్ల అద్దానికి కొట్టుకుంటుంది. ముందు దీపాలూ వెనక దీపాలూ తుడువు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య సన్న చిల్లుల పలక ఉంటుంది చూడు, కారు లోపలికి గాలి పీల్చుకునేది అక్కడి నుంచే. అది మంచుతో పూడిపోతే హీటర్ ఎంత తిప్పినా అద్దం మీదికి గాలి రాదు. చేత్తో తీసేయడం ఒక్క క్షణం పని.

అన్నిటికంటే మొండిది గాజు మంచు. వాన కురుస్తూనే గడ్డకట్టినప్పుడు వస్తుంది. నిన్న సాయంత్రం కారు వేడికి కరిగిన మంచు రాత్రికి మళ్లీ గట్టిపడినా వస్తుంది. దానితో బలం చూపించకు. ఓపిక పట్టు, హీటర్‌ను పనిచేయనివ్వు, ఆల్కహాల్ చల్లు, అంచులు వదులైన తరువాతే గీకు. అలాంటి వాన వస్తుందంటే ముందు రాత్రే వైపర్లు పైకి ఎత్తి ఉంచు. ఎత్తడం మరిచిపోయి అవి అద్దానికి అతుక్కుని ఉంటే స్విచ్ వేయకు. రబ్బరు చిరుగుతుంది, లేదా మోటారు గింజుకుని ఫ్యూజు పోతుంది. సాయంత్రం కారు ఆపే ముందే వైపర్ల స్విచ్ ఆపడం అలవాటు చేసుకో.

ఇక వేడినీళ్ల సంగతి. నువ్వు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది, ఎందుకంటే మన ఇళ్లలో దేనికైనా వేడినీళ్లే మందు. నేను 1996 జనవరిలో ఇక్కడికి వచ్చాను. వచ్చి నెల తిరిగేలోపే, ఫిబ్రవరి 2న, ఈ రాష్ట్రంలో టవర్ అనే ఊళ్లో మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే సెల్సియస్‌లో మైనస్ 51. మిన్నెసోటాలో అంతకంటే తక్కువ మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆ వారంలోనే నేను స్నానానికి కాచిన నీళ్లు ఒక చెంబుడు తెచ్చి పాత కారు అద్దం మీద గుమ్మరించాను. టప్‌మని చప్పుడు. కింది మూల నుంచి పై మూలకు గీత పాకింది. ఒకవైపు వేడికి వ్యాకోచించి మరోవైపు చలికి బిగుసుకుంటే గాజు ఏం చేస్తుంది పాపం? కిందికి కారిన నీళ్లు తలుపు సందులో గడ్డకట్టి తలుపు కూడా రాలేదు. కొత్త అద్దానికి పెట్టిన ఖర్చు ఆ నెల ఇంటి అద్దెలో సగం. గోరువెచ్చటి నీళ్లు కూడా వద్దు తల్లీ.

నాలుగో మంచు లోపలిది. బయటంతా శుభ్రం చేసుకుని కూర్చున్నాక అద్దం లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది. నీ ఊపిరి, బూట్లకు అంటుకొచ్చిన మంచు, పక్క సీట్లో పెట్టుకున్న వేడివేడి అన్నం క్యారియర్, అన్నీ కలిసి చేసే పని అది. చేత్తో తుడిస్తే జిడ్డు మరక మిగులుతుంది, మళ్లీ పడుతుంది. అద్దం మీదికి గాలి కొట్టే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, వేడి పూర్తిగా పెంచి, ఏసీ కూడా వెయ్యి. చలికాలంలో ఏసీ ఏమిటని మీ నాన్న నవ్వుతాడు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని వేడిచేస్తుంది, అద్దం తేటపడుతుంది. చాలా కార్లలో డీఫ్రాస్ట్ నొక్కగానే ఏసీ దానంతటదే పనిచేస్తుంది. లోపలి గాలినే తిప్పే బటన్ మాత్రం తప్పకుండా ఆపెయ్యి, లేకపోతే ఆ తేమే లోపల తిరుగుతూ ఉంటుంది. ఎక్కేముందు బూట్లు దులుపుకో. వెనక అద్దంలో సన్నని తీగలు ఉంటాయి, దానికి వేరే బటన్ ఉంది, అది కరెంటుతో వేడెక్కుతుంది. లోపలి నుంచి ఆ తీగల మీద గీకావంటే అవి తెగిపోతాయి.

ఇంజిను ఎంతసేపు వేడెక్కాలి అన్న దగ్గర నాకూ మీ నాన్నకూ ఎప్పుడూ తగవే. ఆయన నీకు ఫోను చేసి పది, పదిహేను నిమిషాలు స్టార్ట్ చేసి వదిలెయ్యమని చెప్పే ఉంటాడు. ఆయన నేర్చుకున్నది చోక్ లాగి, రెండుమూడు సార్లు దగ్గించి, ఆగిపోకుండా యాక్సిలరేటర్ తొక్కుతూ నిలబెట్టే అంబాసిడర్ మీద. ఆ బండికి ఆయన మాట నిజమే. గాలీ పెట్రోలూ కలిపి ఇంజినుకు అందించే ఆ పాతకాలపు కార్బురేటర్ ఇక్కడి కొత్త కార్లలో 1990ల మొదట్లోనే పోయింది. ఇప్పటి ఇంజిను చలిని తానే కొలుచుకుని పెట్రోలు సర్దుకుంటుంది. మామూలు చలిలో అర నిమిషం, నిమిషం చాలు, తరువాత మెల్లగా నడపడమే దాన్ని వేడిచేసే పద్ధతి. ఖాళీగా నిలబెడితే అది చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. చల్లగా ఉన్నంతసేపూ ఎక్కువ పెట్రోలు తాగుతుంది, అందులో కొంత కాలకుండా జారి ఆయిల్‌లో కలుస్తుంది.

మీ నాన్న భయానికి కారణం ఆయిల్. మన ఇంట్లో జనవరిలో కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టేవాళ్లం కదా, అలాగే ఇంజిను ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది. కానీ నీ కారు ఆయిల్ మూత మీద చూడు, '0డబ్ల్యూ-20' అనో అలాంటిదేదో ఉంటుంది. ఆ డబ్ల్యూ వింటర్‌కు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అది అంత సులువుగా పారుతుంది.

అయితే అద్దం కోసం మాత్రం ఇంజిను నడవాల్సిందే. హీటర్‌కు సొంత నిప్పు లేదు, ఇంజినును చల్లబరచడానికి దాని చుట్టూ తిరిగే ద్రవం, కూలెంట్, వేడెక్కితేనే దానికి వేడి. అందుకే నేను చేసే వరుస ఇది: వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం మంచులో పూడిపోలేదు కదా అని చూస్తాను. తరువాత స్టార్ట్ చేసి డీఫ్రాస్ట్, వెనక అద్దం బటన్ వేసి, బయటికి వచ్చి ఊడవడం, గీకడం మొదలుపెడతాను. అయిదారు నిమిషాల్లో నా పనీ అవుతుంది, అద్దం అంచులూ కరుగుతాయి. మొదటి మైలు నెమ్మదిగా పోతాను.

నీ అపార్టుమెంటు కింద గ్యారేజీ ఖాళీ అయితే ఇస్తారన్నావు. వస్తే మంచిదే, గీకే బాధ తప్పుతుంది. కానీ గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వదిలి వేడెక్కనివ్వడం ఎన్నడూ చేయకు, తలుపు తెరిచి ఉన్నా సరే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తూగు, ఆ తరువాత మనిషికి తెలియదు. స్టార్ట్ చేస్తే వెంటనే బయటికి తియ్యి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లు చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటాయి, తాళం జేబులో ఉందని ఆపేశామనుకుని ఇంట్లోకి వెళ్లిపోతాం. దిగేముందు మీటర్లు ఆరిపోయాయో లేదో చూడు. మంచు తుఫానులో ఎక్కడైనా చిక్కుకున్నా సైలెన్సర్ గొట్టం చుట్టూ ముందు తవ్వి, తరువాతే హీటర్ కోసం ఇంజిను నడపాలి. ఈ ఒక్క విషయంలో 'సరే బాబాయ్' అని ఊరుకోకు.

కారు నడుస్తూ ఉండగా పైకి వెళ్లి కాఫీ తాగి వద్దామనీ అనుకోకు. చలి పొద్దుల్లో దొంగలు వెతికేది ఇలాంటి కార్లనే. తాళంచెవి లోపలే ఉంచి, నడుస్తున్న కారును వదిలి వెళ్లడం మినియాపొలిస్‌లో నగర నిబంధనలకే విరుద్ధం. తాళంచెవి లోపల పెట్టకుండా దూరం నుంచి స్టార్ట్ చేసే ఏర్పాటు ఉంటే అది వేరు. కరెంటు కారున్న నీ స్నేహితురాలికైతే ఇంకా సుఖం. ఛార్జర్‌కు తగిలించి ఉండగానే ఫోనులోంచి వేడిచేసుకోమను, దారిలో బ్యాటరీ మిగులుతుంది.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర బ్యాటరీ బలం సగానికి సగం పోతుంది, అదే సమయంలో చిక్కబడ్డ ఇంజినును తిప్పడానికి మరింత బలం కావాలి. నీది నాలుగేళ్ల పాత కారు కాబట్టి ఈ శనివారమే పరీక్ష చేయించు, విడిభాగాల దుకాణాల్లో చాలావరకు ఉచితంగానే చేస్తారు. బ్యాటరీ నీరసించినప్పుడు కారును లేపే, చేతిలో పట్టే జంప్ స్టార్టర్ కొని ఇంట్లో ఉంచు, కారులో కాదు, చలికి దానికీ నీరసమే. టైర్లలో గాలి ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుంది, చూసుకో. అద్దం మీద చిమ్మే వాషర్ నీళ్లు వేసవివి తీసేసి, మైనస్ 20 ఫారెన్‌హీట్ లేక అంతకంటే తక్కువ రాసి ఉన్నవి పోయించు. పెట్రోలు సగానికి తగ్గనివ్వకు.

మరీ దారుణమైన రోజులూ వస్తాయి. 2019 జనవరి చివర మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది. అలాంటి రోజు కోసమే ఇక్కడ కొందరి కార్ల బానెట్ లోంచి ప్లగ్గు తీగ వేలాడుతుంది. అది ఇంజినును రాత్రంతా వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్. పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1940లలో అలాంటి హీటర్ కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. మొదటిసారి ఆ తీగ చూసి ఇవన్నీ కరెంటు కార్లేమో అనుకున్నాను. నీకు అది అక్కర్లేదు. ఆ రోజు ఆఫీసుకు ఫోను చేసి ఇంట్లో కూర్చో.

సంక్రాంతికి మేపుల్ గ్రోవ్ గుడికి వస్తావు కదా. పూజ అయ్యి బయటికి వచ్చేసరికి కార్లన్నీ తెల్లబడి ఉంటాయి, అక్కడే నీ చేత ఒకసారి అన్నీ చేయిస్తాను. ఈలోగా రెండు స్క్రేపర్లూ ఒక కుంచే పోస్టులో పంపుతున్నాను. ఒక స్క్రేపర్ కారులో వేసుకో, రెండోది ఇంటి గుమ్మం దగ్గర బూట్ల పక్కన పెట్టుకో. కారు తలుపే గడ్డకట్టి రాని రోజు లోపలున్నది అందదు.

మీ బాబాయి