రక్తంలో పురుగులు కనిపించాయి, యాంటిజెన్ పరీక్ష మాత్రం నెగటివ్: దేన్ని నమ్మాలి?

మూడు నెలల క్రితం తెచ్చుకున్న నాలుగేళ్ల కుక్కకు రక్తపరీక్ష చేయిస్తే అందులో కదిలే సన్నని పురుగులు కనిపించాయని రాశారు. హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) జాడను రక్తంలో వెతికే యాంటిజెన్ కిట్ నెగటివ్ చూపిందని, ఒక డాక్టరుగారు కిట్టే తప్పిందంటూ పెద్ద పురుగులను చంపే ఇంజెక్షన్లు మొదలుపెడదామంటే మరొకరు నెగటివ్ గనుక పట్టించుకోనక్కర్లేదన్నారని కూడా రాశారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న. నేను పశువైద్యుణ్ణి కాను గానీ, అచ్చం ఇదే చిక్కులో మా కుక్కతో రెండు నెలలు గడిపినవాణ్ణి. నాకు అర్థమైనంతవరకు ఆ ఇద్దరూ మధ్యలో ఒక మెట్టు వదిలేశారు. రక్తంలో కనిపించింది ఏ జాతి పురుగు పిల్లో తేలకుండా మందు వేయడమూ తగదు, వదిలేయడమూ తగదు.

మాది ఆరేళ్ల మగకుక్క. తిండికీ ఆటకూ లోటు లేదు, దగ్గు లేదు, ఆయాసం లేదు. చెవి బాధకని తీసుకెళితే రక్తం కూడా తీశారు. కాసేపటికి డాక్టరు నన్ను లోపలికి పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. కుదురుగా ఉన్న ఎర్రకణాల గుంపు ఉన్నట్టుండి ఒకచోట చెదిరింది. మధ్యలో వెంట్రుక ముక్కలాంటిదొకటి మెలికలు తిరుగుతూ, కణాలను అటూ ఇటూ నెట్టేస్తూ, అయినా ఉన్నచోటే కొట్టుకుంటోంది. దాన్ని చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన వెంటనే హార్ట్‌వార్మ్ అనేశారు. కిట్‌లో కంట్రోల్ గీత ఒక్కటే వచ్చింది, అంటే నెగటివ్. మరో కిట్ వాడినా అదే ఫలితం. అయినా కిట్లు ఒక్కోసారి తప్పుతాయని చెప్పి, మొదటి ఇంజెక్షన్ తేదీ చీటీ మీద రాసిచ్చారు.

ఆ ఇంజెక్షన్ పేరు మెలార్సొమీన్. అది ఆర్సెనిక్ సమ్మేళనం, నడుము దగ్గర కండరంలో లోతుగా ఇస్తారు. అవసరమైన కుక్కకు అది ప్రాణం నిలిపే మందే. కానీ చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడే ప్రమాదం ఉంటుంది గనుక వారాల తరబడి కుక్కను పరుగెత్తనివ్వకుండా కట్టడి చేయాలి. లేని జబ్బుకు ఇంత చేయించడం నాకు మింగుడుపడలేదు. అందుకే ఇంజెక్షన్ తేదీ వాయిదా వేయించి, పరాన్నజీవుల పరీక్షల్లో అనుభవమున్న మరో డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆమె మొదట వివరించినది ఈ రెండు పరీక్షలూ చూసేది ఒకే వస్తువును కాదని. హార్ట్‌వార్మ్, అంటే డైరోఫైలేరియా ఇమిటిస్, దోమకాటుతో లార్వాగా ఒంట్లోకి దిగి, పెరిగి, ఊపిరితిత్తుల ధమనుల్లోనూ గుండె కుడివైపునా స్థిరపడుతుంది. ఎదిగిన ఆడపురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. ముఖ్యంగా ఆ ఆడపురుగు విడిచే ప్రోటీన్‌నే యాంటిజెన్ కిట్ పట్టుకుంటుంది. స్లైడు మీద మనకు కనిపించే మైక్రోఫైలేరియాలు ఎదిగిన ఆడ, మగ పురుగుల సంతానం, అంటే పురుగు పిల్లలు. దోమ కుట్టిన తరువాత యాంటిజెన్ బయటపడడానికి కనీసం అయిదు నెలలు, మైక్రోఫైలేరియాలు రక్తంలోకి రావడానికి ఆరేడు నెలలు పడుతుంది.

కిట్ ఎందుకు తప్పుతుందని అడిగితే అందరూ మొదట చెప్పే కారణాలు రెండు: లోపల మగపురుగులు మాత్రమే ఉండడం, పురుగులు ఇంకా ఎదగకపోవడం. ఇవి నిజమే, కానీ మీ కుక్కకూ మా కుక్కకూ వర్తించవు. రక్తంలో పిల్లలు తిరుగుతున్నాయంటే, వాటిని కన్న ఎదిగిన ఆడపురుగు ఎక్కడో ఉంది, లేదా ఉండేది. కాబట్టి మన లెక్కలో మిగిలే అవకాశాలు వేరు. ఆడపురుగులు మరీ తక్కువ ఉండవచ్చు. యాంటిజెన్‌ను కుక్క ఒంట్లోని యాంటీబాడీలు చుట్టేసి కిట్‌కు అందనివ్వకపోవచ్చు. పెద్ద పురుగులు చనిపోయి పిల్లలు మాత్రం మిగిలి ఉండవచ్చు, అవి రెండేళ్ల దాకా బతకగలవు. ఎక్కించిన రక్తంతోనో, తల్లి గర్భంలోనో వచ్చి ఉండవచ్చు. లేదా అసలు ఆ పిల్లలు హార్ట్‌వార్మ్‌వి కాకపోవచ్చు. ఈ చివరిదాన్ని ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే దానికి ఖర్చూ తక్కువే, ప్రమాదమూ లేదు.

హార్ట్‌వార్మ్‌కు బంధువైన డైరోఫైలేరియా రెపెన్స్ కూడా దోమల ద్వారానే వస్తుంది, కానీ దాని పెద్ద పురుగులు గుండెలో కాక చర్మం కింద ఉంటాయి. ఫ్లీ పురుగుల వల్ల, పేల వల్ల వచ్చే అకాంథోకైలోనీమా రెకాండిటమ్ అని మూడోది ఉంది (ఈ పేర్లు పలకడానికి నాకూ వారం పట్టింది). అది కుక్కకు పెద్దగా హాని చేయదు. ఈ మూడింటి పిల్లలూ తాజా రక్తపు చుక్కలో చూసేవారికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మూడోది స్లైడు మీద ఒకవైపుగా పాకిపోతుందని, డైరోఫైలేరియాలు ఉన్నచోటే కొట్టుకుంటాయని ఒక గుర్తు చెబుతారు గానీ దాని మీదే తీర్పు చెప్పలేం. రెపెన్స్‌నూ ఇమిటిస్‌నూ అది ఎలాగూ విడదీయలేదు.

విడదీసేది నాట్ పరీక్ష. అది నా కళ్లముందే చేశారు. ఈడీటీఏ ట్యూబులోని (అందులో రక్తం గడ్డకట్టదు) రక్తం ఒక మిల్లీలీటరు తీసి, 2 శాతం ఫార్మలిన్ తొమ్మిది మిల్లీలీటర్లలో కలిపి ట్యూబును తలకిందులు చేస్తూ ఊపారు. ఎర్రకణాలు పగిలిపోయి, చిక్కని రక్తం కాస్తా అవతలి వేలు కనిపించేంత పలచని ఎర్రనీరైంది. సెంట్రిఫ్యూజ్‌లో అయిదు నిమిషాలు తిప్పి, పైనీరు వంపేసి, అడుగున మిగిలిన కొద్దిపాటి మడ్డిలో మెథిలీన్ బ్లూ చుక్క వేశారు. ఒక మిల్లీలీటరు రక్తంలోని పిల్లలన్నీ ఆ మడ్డిలోకి చేరతాయి గనుక, మామూలు చుక్కలో దొరకనివి కూడా ఇందులో దొరుకుతాయి. పైగా ఇప్పుడవి కదలవు, నీలిరంగులో నిటారుగా పడుకుని కొలతకు లొంగుతాయి. ఆమె మైక్రోస్కోపు కంటికటకంలోని స్కేలుతో ఒకటి కాదు, పదిహేను కొలిచారు. ఇమిటిస్ పిల్ల పొడవు సుమారు 290 నుంచి 330 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తల సన్నగా మొనదేలి, తోక నిటారుగా ఉంటుంది. రెపెన్స్ పిల్ల దానికన్నా కొంచెం పొడవూ లావూ, తల మొద్దుగా ఉంటుంది, తోక చివర తరచు గొడుగు పిడిలా వంగుతుంది. రెకాండిటమ్ రెండింటికన్నా పొట్టి, సన్నం. మా కుక్కవి ఎక్కువగా 350 దాటాయి, తలలు మొద్దుగా ఉన్నాయి. ఈ కొలతలు 2 శాతం ఫార్మలిన్‌కు కట్టుబడినవని, ద్రావణం మారితే పొడవు కూడా మారుతుందని ఆమె హెచ్చరించారు. ల్యాబు రిపోర్టులో "మైక్రోఫైలేరియా పాజిటివ్" అని మాత్రమే ఉండి కొలతలు లేకపోతే, మీకు కావలసిన సమాధానం అందులో లేనట్టే.

కొలతలు చెప్పాక ఆమె కుక్క ఒళ్లంతా చేతులతో తడిమారు. పక్కటెముకల మీద శనగగింజంత గడ్డ ఒకటి వేలికి జారుతూ తగిలింది. అది నాకు ఏడాదిగా తెలుసు, కొవ్వుగడ్డ అనుకుని ఎవరికీ చెప్పలేదు. సన్నని సూదితో అందులోంచి తీసిన ద్రవంలోనూ మైక్రోఫైలేరియాలు ఉన్నాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల ధమనులు ఉబ్బలేదు, మెలిక పడలేదు. చివరికి పురుగు డీఎన్‌ఏను గుర్తించే పీసీఆర్ పరీక్ష రెపెన్స్ అని ఖాయం చేసింది. మెలార్సొమీన్ ఇంజెక్షన్ అవసరమే పడలేదు. నెలనెలా మెడ మీద వేసే మోక్సిడెక్టిన్ చుక్కల మందు రాశారు. మూడు నెలల తరువాత నాట్ పరీక్షలో ఒక్క పిల్ల కూడా కనిపించలేదు.

అంతమాత్రాన మీ కుక్కదీ రెపెన్సే అని నేననడం లేదు. కొలతలు ఇమిటిస్ వైపు చూపితే మొదటి డాక్టరుగారి అనుమానమే నిజమై ఉండవచ్చు. అప్పుడు యాంటిజెన్ పరీక్షను వేడిచేసిన నమూనా మీద మళ్లీ చేయమని అడగండి. నమూనాను 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచితే యాంటీబాడీల ముడి విడిపోయి, దాగిన యాంటిజెన్ బయటపడుతుంది. కానీ వేడిచేసినప్పుడు వేరే పురుగులకు కూడా పాజిటివ్ రావచ్చు, అందులో రెపెన్స్ కూడా ఉంది. అందువల్ల దాన్ని జాతి తేలిన తరువాతే చేయించడం మంచిది. ఎక్స్‌రే, గుండె స్కానింగ్ కూడా తోడైతేనే చికిత్స నిర్ణయానికి బలం వస్తుంది. స్కానింగ్‌లో ధమని లోపల పురుగు గోడలు రెండు సమాంతర గీతలుగా, సమానం గుర్తులా కనిపిస్తాయి.

రక్తం సాయంత్రం పూట ఇవ్వండి, మైక్రోఫైలేరియాలు చర్మానికి దగ్గరి రక్తనాళాల్లోకి ఆ వేళ ఎక్కువగా వస్తాయి. ఈలోగా ఎవరో చెప్పారని పురుగుల బిళ్లలు మీ అంతట మీరు వేయకండి. రక్తంలో పిల్లలు విపరీతంగా ఉన్న హార్ట్‌వార్మ్ కుక్కకు కొన్ని మందులు ఒక్కసారిగా వాటిని చంపేసి, కుక్క కుప్పకూలేంత ప్రతిచర్య తెస్తాయి. మీ కుక్క మీ దగ్గరికి వచ్చి మూడు నెలలే అయింది. దానికి ముందు చివరి వారాల్లో ఏ దోమ కుట్టిందో ఈనాటి ఏ పరీక్షా చెప్పలేదు. జాతి ఏదని తేలినా సరే, ఇప్పటి నుంచి ఆరు నెలలకు యాంటిజెన్, నాట్ రెండూ కలిపి మరోసారి చేయించండి.

ఇంట్లో పిల్లలు కుక్కను ముట్టుకోవచ్చా అని కూడా అడిగారు. ముట్టుకోవచ్చు. రెపెన్స్ మనుషులకూ వస్తుంది, చర్మం కిందో కంటి దగ్గరో గడ్డ కడుతుంది. కానీ అది కుక్క నుంచి నేరుగా రాదు, దోమ కడుపులో పది పన్నెండు రోజులకు పైగా పెరిగిన తరువాత ఆ దోమ కుడితేనే వస్తుంది. మా అమ్మ నెలరోజుల పాటు కుక్కను గుమ్మం బయటే ఉంచింది. ఈ సంగతి తెలిశాక దాన్ని లోపలికి రానిచ్చి, కిటికీలకు దోమతెరలు కొట్టించింది.