వాన ఆగినంక వచ్చే వరద

ప్రశ్న: మాది హన్మకొండల నయీంనగర్ నాలా పక్కన గ్రౌండ్ ఫ్లోర్, అద్దెకుంటున్నం. వానాకాలం వస్తే చాలు ఫోన్ల ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అని మెసేజ్‌లే మెసేజ్‌లు, ప్రతిసారి ఇల్లు విడిచిపోవాలంటే అయితదా? అత్తమ్మ నడవలేదు. మా ఆయనేమో నీళ్లు గడప దాక రానీ, అప్పుడు చూద్దాం అంటడు.
- ఓ పాఠకురాలు

జవాబు: నీళ్లు గడప దాక వచ్చేసరికి బయట గల్లీల ఎంత లోతుంటదో మీ ఆయన్ను ఒకసారి ఆలోచించుమనండి, కరెంట్ పోయి చీకట్ల, ఆ నీళ్లల్ల నడవలేని పెద్దమనిషిని ఎవరెత్తుకపోవాలె? మన దగ్గర అసలు తిప్పలేందంటే కాకతీయుల కాలం నుంచి చెరువులు గొలుసుకట్టు, పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి, అందుకే మీ కాలనీల వాన ఆగిపోయి గంటలైనంక గూడ నాలా పెరగొచ్చు. వాన తగ్గింది కదా అని నిమ్మలంగ పడుకుంటరు చూడండి, నాకు భయం దాంతోనే. 2023 జులైల భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచినప్పుడు జనం ఇండ్లపైకి ఎక్కితే హెలికాప్టర్లు పంపాల్సొచ్చింది. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, 204.5 దాటితేనే వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అంటది మరి.

ప్రతి అలర్ట్‌కు ఇల్లు ఖాళీ చెయ్యమని నేను చెప్పను, ఎవరూ చెయ్యరు గూడ. ఎల్లో అంటే కనిపెట్టుకోని ఉండుడు, ఆరెంజ్ అంటే రెడీగ ఉండుడు, రెడ్ అంటే ఇంక ఆలోచించేది లేదు కదులుడే. మీరు మాత్రం ఆరెంజ్ నాడే పొద్దుగూకకముందు అత్తమ్మ ఒక్కరిని ఎత్తు మీదున్న చుట్టాలింటికో పై ఫ్లోర్ వాళ్లింటికో చేర్చండి, ఆమె బీపీ గోలీలు, ఆధార్, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్ల పెట్టి వెంట పంపండి. మిగిలినోళ్లు ఉరికి పోగలరు కాబట్టి తర్వాత పోవచ్చు. పైనున్న ఓనర్‌తోని ఈ ముచ్చట ఇప్పుడే మాట్లాడుకోండి, రాత్రిపూట తలుపు కొట్టి అడిగేది కాదిది. నీళ్లు లోపలికి రాకముందే మెయిన్ ఆఫ్ చెయ్యండి, గ్యాస్ బంద్ చెయ్యండి, నీళ్లల్ల నిలబడి మాత్రం స్విచ్ ముట్టొద్దు. చిక్కుకపోతే 112.

ప్రశ్న: మా ఊరికి పోవాలంటే లోలెవల్ బ్రిడ్జి దాటాలె. పాదాలు మునిగేటన్ని నీళ్లే కదా అని పోరగాళ్లు బండ్లు పోనిస్తున్నరు.
- మహబూబాబాద్ జిల్లా పాఠకుడు

జవాబు: పోనియ్యొద్దు. ఉరికే నీళ్లు జానెడు లేకున్నా మనిషి కాలు నిలవదు, మోకాలి కిందికున్నా కారే తేలిపోతది, ఇంక బైకెంత. పైగా ఆ బురద నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకపోయిందో ఎవరికెరుక? 2024 సెప్టెంబర్ల మీ కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకపోయింది కదా.

ప్రశ్న: వరద తీసింది, ఫ్రిజ్ ఆన్ చెయ్యొచ్చా?

జవాబు: ఎలక్ట్రీషియన్ చూసినంకనే. మోటర్ గూడ అంతే. సంపుల నీళ్లు మొత్తం తోడి, కడిగి, బ్లీచింగ్ వేసినంకనే మళ్ల నింపండి, అందాక తాగే నీళ్లు మసల కాగబెట్టుకోండి. సామాన్లు తీసేటప్పుడు చెయ్యి పెట్టే ముందు కట్టెతోని కదిలించండి, పాములు, తేళ్లు పొడి జాగ వెతుక్కుంట ఇండ్లల్లకే వస్తయి.